వజ్రమ్మ ‘అన్నా’ అని పిలిస్తే పలికే మనిషికి

తిరువళ్ళూరు జిల్లా తిరుత్తణి పట్టణంలో పాత్రల అంగడి నడుపుకుంటున్న ద్వారకనాథ్ అనే నేను, కీర్తిశేషులు మునిరాజు గారి కుమారుణ్ణి, డెబ్బై ఆరేళ్ళ వయసులో సొంత చేతిరాతతో రాసి పెడుతున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా తెచ్చి చూపిస్తే అది చెల్లదు.

ఇది రాస్తున్న రోజుకు నాకు మతి స్థిరంగా ఉంది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఆశపెట్టలేదు. డాక్టర్ అరవింద్ గారు ఈ రోజు తేదీ అడిగి, వందలోనుంచి ఏడేడు తీసేస్తూ పొమ్మని, అంతా సరిగ్గా చెప్పాక సర్టిఫికెట్ ఇచ్చారు. దానిని జత చేశాను. ఆ ప్రశ్నలన్నీ నాకు ముందే తెలుసు. ఆరేళ్ళ కిందట చెన్నైలో నా భార్య వజ్రమ్మను ఇవే అడిగారు. నేను పక్క కుర్చీలో కూర్చుని లోపల్లోపల జవాబులు చెప్పుకున్నాను. ఆమె తొంభై మూడు దగ్గర ఆగిపోయి, ఇంటికి పోదాం పదండి అంది. అందుకని మతి స్థిరంగా ఉందని రాసుకోవడంలో నాకు గొప్పేమీ కనిపించడం లేదు. ఈ ఇంట్లో అది నా ఒక్కడికే మిగిలింది, నేనూ ఎక్కువ రోజులు మిగలను. పొట్టలో గడ్డ కాలేయానికి పాకిందనీ, ఏం చేసినా ఆరు నెలలకు మించదనీ చెప్పారు. అందులో రెండు నెలలు అయిపోయాయి.

దీన్ని తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. నా కొడుకు రాజ్‌మోహన్‌కూ కూతురు విద్యాలక్ష్మికీ తెలుగు చదవడం రాదు, మాట్లాడటమూ అంతంతమాత్రం. తప్పు వాళ్ళది కాదు. అంగడికి, బడికి, రేపటి ఉద్యోగానికి తమిళమే అక్కరకొస్తుందని, ఇంట్లో అదే మాట్లాడాలని పట్టుపట్టినవాణ్ణి నేను. వజ్రమ్మ పిల్లలకు తెలుగులో ఏదైనా చెబితే కసిరేవాణ్ణి. ఆంధ్ర సరిహద్దు ఊరి నుంచి వచ్చిన మనిషి, నలభై ఏళ్ళు నా కోసం తమిళం మాట్లాడింది. జబ్బు వచ్చాక మొట్టమొదట పోయింది ఆ తమిళమే. ఇప్పుడు కొడుకు ఎదురుగా కూర్చుని ‘సాప్టియామ్మా’, తిన్నావా అమ్మా అని అడిగితే, ఎవరో పరాయి మగవాడు వచ్చాడని కొంగు సర్దుకుంటుంది. ఆమె చెప్పేది వాడికి అందదు. కాబట్టి ఈ కాగితాన్ని వాళ్ళు ఇంకొకరి చేత చదివించుకుని, అర్థం చెప్పించుకుని వినాలి. ఒక గంటసేపు అలా వినడం ఎంత కష్టమో తెలిస్తే, ఆమె మీద విసుక్కోవడం కొంత తగ్గుతుందేమో.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత రిటైర్డ్ పోస్టుమాస్టరు కె. వీరరాఘవ గారిది. తెలుగు చదివి తమిళంలో చెప్పగలరు, మొహమాటానికి మాట మార్చరు. అందుకే ఆయనను ఎంచుకున్నాను.

2. నా అంత్యక్రియలు రాజ్‌మోహన్ చేయాలి. నన్ను ఇంటి హాల్లో పడుకోబెట్టకూడదు, అక్కడ వజ్రమ్మ కూర్చుంటుంది. అంగడి ముందు పందిరి వేసి అక్కడే కానివ్వండి. మేళం వద్దు. మేళం వినిపిస్తే పెళ్ళి అనుకుని బయటికి వస్తుంది.

3. నేను చనిపోయినట్టు వజ్రమ్మకు ఎవరూ చెప్పకూడదు. ఆ రోజు గానీ, ఆ తర్వాత ఎప్పుడు గానీ.

ఎందుకంటే వజ్రమ్మ లెక్కలో నేను ఆమె భర్తను కాను. మూడేళ్ళుగా ఆమెకు నేను చౌడప్పను. చౌడప్ప ఆమె అన్న. ఆర్.కె.పేట పక్కన వాళ్ళ ఊళ్ళో చెరకు, వేరుశనగ పండించుకుని బతికినవాడు. 2021లో పోయాడు. పోయేనాటికి నాకూ ఆయనకూ ఇరవై మూడేళ్ళుగా మాటల్లేవు. అన్న పోయిన సంగతి చెల్లెలికి చెప్పడం ధర్మమని నేను ఆమెకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ కొత్తగానే విన్నది, మూడుసార్లూ నేల మీద పడి ఏడ్చింది. నాలుగోసారి “మా అన్న యాడ?” అని అడిగినప్పుడు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను. కొన్నాళ్ళకు ఆ అన్నను నేనే అయిపోయాను.

మొదట్లో ఒప్పుకోలేదు. నేను నీ మొగుణ్ణని రోజుకు పదిసార్లు చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ విసిగి, ఒక పిచ్చి పని చేశాను. మా అంగట్లో కొన్న ప్రతి గిన్నె మీదా మెషిన్‌తో పేరు చెక్కి ఇవ్వడం వాడుక. ఒక పెద్ద స్టీలు తట్ట తీసుకుని, ‘నేను ద్వారకనాథ్. నీ భర్తను. ఇది నీ ఇల్లు’ అని తెలుగు అక్షరాల్లో చెక్కి, అందులో అన్నం పెట్టాను. అప్పటికి ఆమెకు అక్షరాలు ఇంకా పోలేదు. వేలు పెట్టి తప్పు లేకుండా చదివింది. చదివి, “ఎవురిదో తట్ట మనింట్లోకి వచ్చేసిందన్నా. పేరుండాది చూడు. వాళ్ళది వాళ్ళకు ఇచ్చేసిరా” అంది. విందుల్లో గిన్నెలు కలిసిపోతే పేరు చూసే కదా ఎవరివి వాళ్ళకు పంపిస్తాం. యాభై ఏళ్ళు పేర్లు చెక్కినవాణ్ణి, నాకు అది తట్టలేదు. ఆ తట్టలో ఆమె తినలేదు. రెండు రోజులు ఏ తట్టలోనూ తినలేదు. మూడో రోజు “అన్నా” అంది, “ఏమ్మా” అన్నాను, నోరు తెరిచింది.

అప్పటినుంచి ఆమె అన్నకు చెప్పుకునే మాటలన్నీ నేను వింటున్నాను. అన్నీ నా మీద ఫిర్యాదులే. “ఆయనకు కోపం జాస్తి అన్నా. మాయమ్మ పోతే సాయంత్రం బస్సుకే వచ్చేయమన్నాడు. మొగం సరిగా చూసుకోనేలేదు” అంటుంది. నిజమే, అలాగే అన్నాను. ఒకసారి ఆశ చంపుకోలేక, మీ ఇంటాయన మంచోడే కదమ్మా అని అడిగాను. “పిలకాయలకు మంచోడే” అంది.

కనుక నేను పోయానని చెబితే, ఆమెకు అన్న మళ్ళీ చచ్చిపోయినట్టు అవుతుంది. రోజూ అడిగితే రోజూ చచ్చిపోతాడు. ఆమె అడిగితే, చేలోకి పోయినాడు, వస్తాడు అని చెప్పండి. నేర్చుకోవడానికి రాజ్‌మోహన్‌కు ఈ ఒక్క తెలుగు వాక్యం చాలు.

4. పదో రోజున వజ్రమ్మ గాజులు పగలగొట్టడం, తాళి తీయడం, బొట్టు చెరపడం, ఇవేవీ జరగకూడదు. పెరియపాళయం నుంచి వచ్చే మా పెద్దమ్మ కూతుళ్ళు సంప్రదాయమని పట్టుబడతారు. వాళ్ళకు భోజనం పెట్టి పంపించేయండి. వజ్రమ్మ రోజంతా ఆ తాళిని వేళ్ళతో తడుముకుంటూ ఉంటుంది. ఎవరు కట్టారో ఆమెకు తెలియదు, కానీ మెడలో లేకపోతే వెతుకుతుంది. చచ్చినవాడి మర్యాద కోసం బతికున్న మనిషి చేత వెతికించకండి.

5. అంగడి వ్యాపారం, అందులోని సరుకు, పేర్లు చెక్కే మెషిన్ నా దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేసిన గుహన్‌కు. ఇంటి ముందున్న ఆ గది మాత్రం ఇంటితోపాటే పోతుంది. గుహన్ వేరే చోట పెట్టుకోవాలి. అతని చెక్కుడు నాకంటే శుభ్రంగా ఉంటుంది. ఈ మాట అతనికి నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

6. చెన్నై పక్కన పట్టాభిరామ్‌లో నా స్వార్జితమైన ఇంటి స్థలం రాజ్‌మోహన్‌కు, దానవిక్రయాది సర్వహక్కులతో. వాడు ఆ ఊళ్ళోనే ఒక మూడో అంతస్తులో అద్దెకు ఉంటాడు, రైల్వేలో పని. ప్రతి ఆదివారం వస్తాడు, డైపర్లు తెస్తాడు, తల్లి పక్కన ఒక గంట కూర్చుని ఫోను చూసుకుని పోతాడు. అమ్మను వృద్ధుల హోమ్‌లో పెడదామని వాడు అనడం చెడ్డతనంతో కాదు. వాడి ఇంట్లో లిఫ్టు లేదు, భార్యకు ఉద్యోగం. వాడు చిన్నప్పుడు బడికి తీసుకుపోయిన టిఫిన్ డబ్బా అటక మీద ఉంది. నేను తమిళ అక్షరాల్లో చెక్కిన మొదటి పేరు దాని మీద ఉన్న వాడి పేరే. అది కూడా వాడికే.

7. వజ్రమ్మ నగలన్నీ ఆమె తదనంతరం విద్యాలక్ష్మికి. విద్యా, నీకు ఇంకొకటి కూడా బాకీ ఉంది, అది వస్తువు కాదు. 1998లో నీ పెళ్ళి. మనలో పెళ్ళికూతుర్ని మేనమామ ఎత్తుకొచ్చి మండపంలో కూర్చోబెట్టాలి. మీ మామ చౌడప్ప ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. పొదటూరుపేట దాటి నడుచుకుంటూ వస్తున్నాడని కబురు కూడా వచ్చింది. నేను ఆగలేదు. ముహూర్తానికి ఇంకా ముప్పావు గంట ఉంది, అయినా ఆగలేదు. చెన్నై నుంచి వచ్చిన స్టీలు హోల్‌సేల్ ఆసామి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనను సంతోషపెట్టాలని, మీ మామకు బదులు ఆయననే నిన్ను ఎత్తుకురమ్మన్నాను. మీ మామ సారె పళ్ళెం చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వు పీట మీద ఉన్నావు. ఆయన పళ్ళెం గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు నేను ఆ చీర, పసుపు, పళ్ళెం అన్నీ తిప్పి పంపించాను. ఆ ఇంటి గడప తొక్కకూడదని మీ అమ్మకు చెప్పాను. ఆమె ఎదిరించి నాలుగు మాటలు అని ఉంటే ఒకటి రెండేళ్ళలో నేనే దిగివచ్చేవాణ్ణి. ఆమె సరేనంది, ఆ సరే ఇరవై మూడేళ్ళు నడిచింది.

8. పొద్దున ఏడింటికి వచ్చి మధ్యాహ్నం దాకా ఉండే అలమేలుకు నా కుట్టు మెషిన్, రెండు ఇత్తడి గుండిగలు, ముందు గదిలోని ఫ్యాను. ఆమెది తమిళమే. వజ్రమ్మ మాటలు ఒక్కొక్కటీ నన్ను అడిగి, క్యాలెండర్ వెనక తమిళ అక్షరాల్లో రాసుకుంది. నీళ్ళు, నొప్పి, చలి, చాలు, భయం. ఇరవై ఆరు మాటలు ఉన్నాయి. నా పిల్లలకు యాభై ఏళ్ళలో నేను నేర్పనిది ఆ తల్లి గోడ పక్కన నిలబడి నేర్చుకుంది. ఆ క్యాలెండర్ పారేయకండి.

9. ఇప్పుడు ఇల్లు. తిరుత్తణిలోని నా ఇల్లు, ముందున్న అంగడి గదితో సహా, వజ్రమ్మ తన జీవితకాలం అనుభవించాలి. ఆమెను ఆ ఇంట్లోనుంచి కదిలించే హక్కు ఎవరికీ లేదు. ఆమె తదనంతరం ఆ ఇల్లు చౌడప్ప కొడుకు ముకేశ్‌కు సర్వహక్కులతో చెందాలి. షరతు ఒక్కటే. ఆమె బతికినన్ని రోజులూ ముకేశ్ అదే ఇంట్లో ఉండి, ఆమె అన్నా అని పిలిస్తే పలకాలి.

నా పిల్లలు ఇది విని లేచి నిలబడతారని తెలుసు. కూర్చోండి. ఈ వంశంలో ఆమెతో ఆమె మాటల్లో మాట్లాడగలిగినవాళ్ళు ఇద్దరమే. ఒకడు చచ్చిపోతున్నాడు. రెండోవాడు ముకేశ్. అతని గొంతు అచ్చం తండ్రి గొంతు. ఆమె చూపు మసకబారింది గానీ చెవులు బాగున్నాయి.

పోయిన నెల ఆర్.కె.పేట బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాను. ఇరవై ఏడేళ్ళ తర్వాత. ముకేశ్ వసారాలో కుర్చీ వేశాడు, లోపలికి రమ్మనలేదు. నా రోగం చెప్పాను, అత్త సంగతి చెప్పాను, ఇల్లు రాసిస్తానని చెప్పాను. అంతా విని అతను చెప్పిన మాటలు ఇవి. “మా నాయన కండ్లు మూసేదానికి ముందర, నా చెల్లెలు రాలేదా అని అడిగినాడు మామా. మీకు ఫోన్ చేసినా. ఆమెకు ఒళ్ళు బాగలేదు, పంపించేదానికి కాదంటిరి. ఆయనకు ఏమని చెప్పేది? బస్సు దొరకలేదంట నాయనా అని చెప్పినా. అట్నే పోయినాడు.” నేను తల వంచుకున్నాను. అతనే మళ్ళీ అన్నాడు. “అత్తంటే నాకు ప్రాణం మామా. కానీ మీ ఇల్లు నాకొద్దు. మీరు ఉండేంతవరకు ఆ గడప తొక్కను.”

నేను ఉండేంతవరకు అన్నాడు. పోయాక వస్తానని అనలేదు. వస్తావా అని అడగకుండానే లేచి బస్టాండుకు వచ్చేశాను. ఈ వీలునామా అంతా ఆ ఒక్క మాట పట్టుకుని రాస్తున్నాను. అతను కోపంలో అన్న మాట అది, నేను దాన్ని ఆశగా తిప్పుకుంటున్నానని నాకే తెలుసు.

ముకేశ్, ఇది నీకు. ఇల్లు వద్దంటే ఆమె పోయాక అమ్మేసి ఎవరికైనా ఇచ్చేయి. నన్ను క్షమించనక్కర లేదు. నా ఫోటో గోడకు లేకుండా తీయించేస్తాను. నువ్వు రావాల్సింది నా ఇంటికి కాదు, మీ నాయన చెల్లెలి దగ్గరికి.

10. ఎవరు వచ్చినా తెలుసుకోవలసినవి. ముందు గేటుకు తాళం వేయాలి, తాళంచెవి ఆమెకు కనిపించకూడదు. వీలు దొరికితే మంచి చీర కట్టుకుని బస్టాండుకు పోయి ఆర్.కె.పేట బస్సులో కూర్చుంటుంది. కండక్టర్లకు ఆమె తెలుసు, దించి ఫోన్ చేస్తారు. నీళ్ళు తల మీద ఒక్కసారిగా పోస్తే అరుస్తుంది, ముందు కాళ్ళ మీద పోయాలి. అన్నం మెత్తగా కలిపి, ముద్దలో బెల్లం ముక్క దాచి పెడితే మింగుతుంది. వద్దన్నప్పుడు పెడితే ఉమ్మేస్తుంది, కొడుతుంది.

మీకూ చేయి లేస్తుంది. నాకు లేచింది. పోయిన తై నెలలో, అంటే సంక్రాంతి నెలలో, నాలుగోసారి పక్కబట్టలు మార్చిన రోజు, చెంప మీద కొట్టాను. ఆమె ఏడవలేదు. చెంప పట్టుకుని, “మా అన్న వస్తే చెప్తా” అంది. ఆ ఒక్క క్షణం నేను అన్నను కాను, మళ్ళీ ద్వారకనాథ్‌నే. అయిదు నిమిషాల తర్వాత నన్నే అన్నా అని పిలిచి, చెప్పడానికి ఏమీ గుర్తు లేక ఊరికే నవ్వింది. ఇది ఎవరికీ తెలియదు. తెలియకుండా పోవడం నాకు ఇష్టం లేదు.

11. నా పదో రోజు నుంచి నలభై రోజుల్లో ముకేశ్ రాకపోతే 9వ అంశం రద్దయిపోతుంది. అప్పుడు ఇంటిని పిల్లలిద్దరూ సమానంగా పంచుకోవచ్చు, తల్లిని ఏం చేయాలో రాజ్‌మోహన్ నిర్ణయించవచ్చు. తిరువళ్ళూరు దగ్గర వాడు చూపించిన హోమ్‌కు నేనూ వెళ్ళి చూశాను. శుభ్రంగా ఉంది, నర్సులు మర్యాదగా మాట్లాడారు, అంతా తమిళంలో. ఆడవాళ్ళు టీవీ ముందు వరసగా కూర్చుని ఉన్నారు. అక్కడ వజ్రమ్మ నొప్పి అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాదు. ఆమె గుండె గట్టిది, బీపీ లేదు, షుగర్ లేదు. ఇంకా పదేళ్ళు బతుకుతుందని డాక్టరు చెప్పారు. ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు గానీ, ఆ పదేళ్ళూ ఆమెకు పలికేవాళ్ళు లేకుండా గడపడం తలుచుకుంటే నాకు చావు కంటే అదే భయంగా ఉంది. ఆమె నాకంటే ముందు పోవాలని రోజూ స్వామి కొండ వైపు తిరిగి మొక్కుకుంటున్నాను. కట్టుకున్నవాడు మొక్కుకోవలసిన మొక్కేనా ఇది అని అడగకండి.

12. ఇందులో రాయని చరస్థిరాస్తులు ఏవైనా ఉంటే, అవి ముందుగా వజ్రమ్మ పోషణకు వాడి, మిగిలింది పిల్లలిద్దరూ పంచుకోవాలి. ఈ వీలునామా నా తదనంతరమే అమలులోకి వస్తుంది.

సాక్షులు వచ్చి కూర్చున్నాక, సంతకం పెట్టే ముందు, ఈ నాలుగు వాక్యాలు చేరుస్తున్నాను. వజ్రమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, “ఏం రాస్తా ఉండావన్నా?” అని అడిగింది. ఈ ఇల్లు నీ పేరున రాస్తా ఉండానమ్మా, ఇంక నిన్ను ఎవురూ పొమ్మనరు అన్నాను. ఆమె వీధి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, “మా ఇంటాయన ఒప్పుకోడన్నా. ఆయన అంగట్లోనుంచి వచ్చేలోపల నన్ను మనూరికి పిలుచుకుని పో” అంది.

ఈ మాట ఇద్దరు సాక్షులూ విన్నారు. దస్తావేజులో కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవు.

తిరుత్తణి,
14 నవంబరు 2025, శుక్రవారం

(సంతకం) ఎం. ద్వారకనాథ్

సాక్షులు:
1. కె. వీరరాఘవ, రిటైర్డ్ పోస్టుమాస్టరు, తిరుత్తణి
2. డాక్టర్ ఎస్. అరవింద్, తిరుత్తణి